ఫిడేలు నేర్చుకుంటున్న నాన్న మీద రేడియో నాటిక: జాక్ బెన్నీని వింటూ వచ్చిన ఆలోచన, సలహా కావాలి

గోదావరి గట్టు (డాలస్)

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా నాన్నగారు రాజమండ్రిలో ఉంటారు. రిటైరై ఆరు నెలలు తిరక్కుండానే ఫిడేలు కొనుక్కుని పాఠం మొదలుపెట్టారు. రెండేళ్ళవుతోంది, ఇంకా జంట వరుసల్లోనే, అంటే ఒక్కో స్వరం రెండేసి సార్లు వాయించే తొలి పాఠాల్లోనే ఉన్నారు. పొద్దున్న ఐదున్నరకల్లా శ్రుతిపెట్టె మోగుతుంది. ఆ వేళప్పుడు అమ్మ గడియారం చూడదు. "మీ నాన్న మూడో జంట వరుసకొచ్చారు, పాలు పొంగే వేళైంది, ఉంటాను" అని ఫోన్ పెట్టేస్తుంది.

ఇక్కడ మా స్నేహితులు కొందరు ఇంటర్నెట్ రేడియో నడుపుతున్నారు. అరగంట హాస్యనాటిక రాసిమ్మన్నారు. వేరే కథ ఎందుకు, మా ఇల్లే రాద్దామనుకున్నాను.

ఆఫీసుకి కారులో గంట దారి. ఆ గంటంతా ఆర్నెల్లుగా జాక్ బెన్నీ పాత రేడియో కార్యక్రమాలు వింటున్నాను. 1932 మే నెలలో మొదలై 1955 దాకా అమెరికా రేడియోలో నడిచిన హాస్యం. అందులో ఆయన పాత్ర పిసినారి. ఎప్పుడడిగినా వయసు 39 అంటాడు. తను గొప్ప ఫిడేలు విద్వాంసుణ్ణని గట్టి నమ్మకం. ఇంట్లో సాధన చేస్తుంటే పాఠం చెప్పే ప్రొఫెసర్ లెబ్లాంక్ పక్కన కూర్చుని అల్లాడిపోతుంటాడు. నాకు పాశ్చాత్య సంగీతం ఒక్క ముక్క రాదు. అయినా నవ్వొస్తుంది, ట్రాఫిక్‌లో పక్క కారు వాళ్ళు తిరిగి చూసేంత నవ్వు.

మన భాషలో అలాంటిది రాద్దామని కూర్చుంటే "నాన్న అపస్వరం వాయిస్తారు" అని ఒక్క లైను రాసి ఆగిపోయాను. అపస్వరాన్ని వినడానికి హాయిగా, నవ్వొచ్చేలా ఎలా చేస్తారు?

అలనాటి అలలు (బెంగళూరు)

మంచి ప్రశ్న వేశారండీ. ముందు ఒక సంగతి. జాక్ బెన్నీ ఫిడేలు రానివాడు కాదు.

1894 ఫిబ్రవరి 14న షికాగోలో పుట్టాడు, దగ్గర్లోని వాకీగన్ అనే ఊళ్ళో పెరిగాడు. అసలు పేరు బెంజమిన్ కుబెల్‌స్కీ. ఆరేళ్ళకే చేతికి ఫిడేలిచ్చారు. పదిహేడు, పద్దెనిమిదేళ్ళ వయసులో ఊరి థియేటర్‌లో వాద్యబృందంతో వాయించేవాడు. 1912లో కోరా సాలిస్‌బరీ అనే పియానో ఆవిడతో కలిసి ఊరూరా ప్రదర్శనలకి వెళ్ళాడు. అసలు పేరుతో తిరుగుతుంటే, పేరు తన పేరుకి దగ్గరగా ఉందని యాన్ కుబెలిక్ అనే పెద్ద విద్వాంసుడు అభ్యంతరం చెప్పాడు, దాంతో పేరు మార్చుకోవాల్సొచ్చింది. అంటే రంగం మీదికి వాయించడానికే వచ్చాడు. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో నౌకాదళంలో ఉండగా ఒక ప్రదర్శనలో నావికులు గోల చేశారు. ఫిడేలు దించి నాలుగు మాటలు మాట్లాడాడు. నవ్వారు. ఆ తర్వాత ఫిడేలు చేతిలోనే ఉంది, మాటలు ముందుకొచ్చాయి.

ఇంకో ముఖ్యమైన విషయం. సాధన సన్నివేశాల్లో ఆయన ఎక్కువగా వాయించేది క్రొయిట్జర్ అనే ఆయన రాసిన రెండో అభ్యాసం. ఫిడేలు నేర్చుకునే ప్రతి పిల్లాడూ దాని మీదుగా నడిచి వెళ్ళాల్సిందే. మనకి సరళీ వరుసలు, జంట వరుసలు ఎలాగో అలాగ. వినేవాళ్ళకి తర్వాత రావాల్సిన స్వరం ముందే తెలుసు. అది రాదు. అక్కడ పుడుతుంది నవ్వు. మీ నాన్నగారు జంట వరుసల్లో ఉన్నారంటే మీ నాటిక సగం రాసేసినట్టే.

ఫిడేలు టీచరమ్మ (తెనాలి)

బాబూ, ఇరవై ఏళ్ళుగా పిల్లలకి, పెద్దవాళ్ళకి పాఠం చెప్తున్నాను. కాబట్టి అపస్వరాల గురించి కొంచెం చెప్పగలను.

రచయితలు అందరూ చేసే పొరపాటు, కొత్తగా నేర్చుకునేవాడి చేత కీచుకీచుమని ఏది పడితే అది వాయించేయడం. నేర్చుకునేవాళ్ళు అలా తప్పరు. ఎవరి తప్పు వాళ్ళదే, రోజూ అదే చోట. కమాను గట్టిగా నొక్కితే గీరినట్టు వస్తుంది. మరీ తేలిగ్గా పట్టి గుర్రం (తీగల్ని ఎత్తి పట్టుకునే చెక్క ముక్క) దగ్గరికి జరిపితే పైనెక్కడో ఈల లాంటి చప్పుడొస్తుంది. చెయ్యి ఒంగితే పక్క తీగ కూడా మోగుతుంది. నాటికలో ఈ మూడూ కలపకండి. మీ నాన్నగారికి ఒకే ఒక్క తప్పు ఇవ్వండి.

ఏ తప్పు ఇవ్వాలో కూడా చెప్తాను. తొలి పాఠాలు చెప్పే మాయామాళవగౌళ రాగంలో రిషభం (రి) షడ్జానికి (స) ఆనుకునే ఉంటుంది. అక్కణ్ణుంచి గాంధారం (గ) బాగా దూరం. ఫిడేలుకి మెట్లుండవు కదా, వేలు చాచి సరిగ్గా అక్కడే పెట్టాలి. పెద్ద వయసులో మొదలుపెట్టినవాళ్ళకి వేళ్ళు అంతగా సాగవు. అందుకని గాంధారం ఒక వెంట్రుకవాసి కిందే ఆగిపోతుంది. "స స రి రి" బ్రహ్మాండంగా వస్తుంది, "గ గ" దగ్గర మనసు ఉసూరుమంటుంది. సంగీతం తెలియనివాళ్ళకి కూడా ఏదో అందలేదని తెలిసిపోతుంది. రోజూ అక్కడే అందకపోతే నాలుగో రోజుకి ఇల్లంతా ఆ గాంధారం కోసం ఎదురు చూస్తుంది.

ఇంకోటి. ఆ ముక్క బాగా వచ్చినవాళ్ళ చేతే వాయించండి. రానివాళ్ళ చేత వాయిస్తే రోజుకో చోట తప్పుతారు.

పాత రేడియో (విజయవాడ)

టీచరమ్మగారు చెప్పింది అక్షరాలా నిజం. నేను ఎనభైల్లో ఆకాశవాణి నాటికల్లో క్యాజువల్ ఆర్టిస్టుగా చాలా వేషాలు వేశాను. 1948 డిసెంబరు 1న మొదలైన మా విజయవాడ కేంద్రం నాటకాలకి పెట్టింది పేరు. నండూరి సుబ్బారావు గారి గొంతు వినబడిందంటే రేడియో ముందు ఇంటిల్లిపాదీ చేరేవాళ్ళు. ఆయన గొంతులో విరుపు వింటేనే పాత్ర ఎలా కూర్చుందో, ఎటు చూస్తోందో కళ్ళకి కట్టేది.

నా అనుభవం మీద చెప్తున్నాను, ఫిడేలుని మైకు ముందు పెట్టకండి. నాన్న ముందు గదిలో వాయిస్తుంటారు, మన మైకు వంటింట్లో అమ్మ దగ్గర ఉండాలి. ఫిడేలు గోడ అవతల నుంచి రావాలి. దగ్గర్నుంచి వినిపిస్తే పది సెకన్లకి శ్రోత రేడియో కట్టేస్తాడు. దూరం నుంచి వినిపిస్తే ఇంట్లో మనిషైపోతాడు. అమ్మ కూరగాయలు తరుగుతోంది, కత్తిపీట మీద చప్పుడు తాళంలో పడుతోంది. గాంధారం రాగానే ఆ చప్పుడు ఆగుతుంది. అంతే. మాట అక్కర్లేదు.

ఆగడం అంటే గుర్తొచ్చింది. జాక్ బెన్నీ ఆ విషయంలో గురువు. 1948 మార్చి 28న వచ్చిన కార్యక్రమంలో ఒక దొంగ దారి కాచి "డబ్బా, ప్రాణమా" అంటాడు. పిసినారి కదా, జవాబు రాదు. నిశ్శబ్దం. జనం నవ్వుతారు. దొంగ గద్దిస్తే అప్పుడంటాడు, ఆలోచిస్తున్నానయ్యా అని. రేడియోలో నిశ్శబ్దం అంటే మా రోజుల్లో డ్యూటీ రూంలో టెన్షన్. దాన్నే ఆయన నవ్వుగా మార్చాడు.

కాఫీ గ్లాసు (వరంగల్)

ఫిడేలు బదులు హార్మోనియం పెడితే? మన ఇళ్ళలో ఎక్కువగా ఉండేది అదే కదా.

పాత రేడియో (విజయవాడ)

హార్మోనియంలో మెట్టు నొక్కితే స్వరం ఉన్నచోటే పలుకుతుంది, వెంట్రుకవాసి తగ్గదు. పైగా స్వరాన్ని ఊగించే గమకం పలకదని 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్నే నిషేధించింది, 1971లో గానీ సడలించలేదు. ఆ ముప్ఫై ఏళ్ళూ హార్మోనియం వాయించేవాళ్ళు పడిన బాధ మీద వేరే నాటిక రాయొచ్చు, అది నవ్వుకునేది కాదు. ఈ కథకి ఫిడేలే సరి.

మూడో అంతస్తు (హైదరాబాద్)

అందరూ ఉత్సాహంగా ఉన్నారు, నేను అడ్డొస్తున్నందుకు ఏమనుకోకండి. చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

మా తమ్ముడు పన్నెండేళ్ళప్పుడు ఫిడేలు మొదలుపెట్టాడు. చిన్న ఫ్లాటు, పలచటి గోడలు. పక్క వాటాలో ఉండే ఆయన వాడు కమాను ఎత్తగానే పిల్లి అరిచినట్టు అరిచేవాడు. ఆయన సరదాకే అనేవాడు, మా ఇంట్లో కూడా నవ్వేవాళ్ళం, నేనూ నవ్వాను. మూడు నెలలకి వాడు ఫిడేలు పెట్టెలో పెట్టి మంచం కిందకి తోసేశాడు. కారణం ఎవరూ అడగలేదు. ముప్ఫై ఏళ్ళు దాటింది. ఇప్పటికీ ఎక్కడైనా ఫిడేలు వినబడితే వాడు గదిలోంచి లేచి వెళ్ళిపోతాడు.

అందుకే అడుగుతున్నాను. అరవై దాటాక ధైర్యం చేసి కమాను పట్టుకున్న పెద్దాయన్ని చూసి లోకమంతా నవ్వేలా కొడుకే నాటిక రాస్తే, ఆయన మర్నాడు పొద్దున్న ఐదున్నరకి లేస్తారా?

గోదావరి గట్టు (డాలస్)

మీ పోస్టు చదివి నిన్నంతా ఏమీ రాయలేకపోయాను. నాన్నకి నాటిక సంగతి ఇంకా చెప్పలేదు. చెప్పకుండా రాయడం తప్పేనేమో.

అలనాటి అలలు (బెంగళూరు)

మూడో అంతస్తు గారూ, మీ తమ్ముడి సంగతి చదువుతుంటే గుండె పట్టేసినట్టయింది. మీరు అడగాల్సిందే అడిగారు.

జాక్ బెన్నీ కార్యక్రమంలోనే దీనికి జవాబుంది అనుకుంటున్నాను. 1936 డిసెంబరు 30న ఫ్రెడ్ ఆలెన్ అనే మరో హాస్యనటుడి కార్యక్రమంలో స్టూవర్ట్ కెనిన్ అనే పదేళ్ళ పిల్లాడు "ది బీ" అనే ఫిడేలు ముక్క వాయించాడు. తుమ్మెద రొదలా సాగే, వేళ్ళు పరుగెత్తాల్సిన ముక్క. ఈ పిల్లాడి వాయిద్యం విని జాక్ బెన్నీ సిగ్గుపడాలి అన్న అర్థంలో ఆలెన్ ఒక మాట విసిరాడు. తర్వాతి కార్యక్రమంలో బెన్నీ జవాబిచ్చాడు. మళ్ళీ ఆయన, మళ్ళీ ఈయన. 1937 మార్చి 14న న్యూయార్క్‌లో ఒక హోటల్ నుంచి ఇద్దరూ ఒకే వేదిక మీదికి వచ్చేదాకా సాగింది, ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి నడిచింది. నిజానికి ఇద్దరూ స్నేహితులు.

ఇందులో గమనించండి, పిల్లాణ్ణి చూసి ఎవరూ నవ్వలేదు. పిల్లాడు చక్కగా వాయించాడు. నవ్వంతా పెద్దాయన గొప్పల మీద. ఆ పిల్లాడే పెద్దయ్యాక, 1959లో, ఇటలీలో జరిగే పగనీనీ ఫిడేలు పోటీలో మొదటి బహుమతి తెచ్చుకున్నాడు. వెక్కిరింపు తగిలితే ఆగిపోయే వయసులో, అంతమంది వినే చోట ఆ పిల్లాడికి మెప్పే దక్కింది.

బెన్నీ కూడా ఎవర్నీ తక్కువ చేసి నవ్వు తెచ్చుకోలేదు. కార్యక్రమం ఆయనది, కానీ నవ్వొచ్చే మాటలన్నీ మిగతావాళ్ళకి ఇచ్చి ఆ దెబ్బ తను తినేవాడు. బెన్నీ ఇంట్లో పనిచేసే రోచెస్టర్ పాత్ర వేసిన ఎడ్డీ ఆండర్సన్ నల్లజాతి నటుడు, 1937లో చేరాడు. మొదట్లో ఆ పాత్రకి జాతి మీద అలవాటుగా వచ్చే హాస్యం ఉండేది, ఈ రోజు వింటే బాధగా ఉంటుంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత దాన్ని తీసేశారు. రోచెస్టర్ యజమానికి ఎదురు చెప్పి గెలిచే మనిషిగా నిలబడ్డాడు.

మీ నాటికలో నవ్వు నాన్నగారి గాంధారం మీద పడకూడదు. ఆ గాంధారం కోసం ఇల్లంతా పడే పాట్ల మీద పడాలి.

కాఫీ గ్లాసు (వరంగల్)

ఒక సందేహం. జాక్ బెన్నీది కుటుంబ కథ కాదు కదా? మేరీ లివింగ్‌స్టన్ నిజంగా ఆయన భార్యే గానీ కార్యక్రమంలో భార్య కాదు. మరి ఇంటి కథకి అది ఎలా నమూనా అవుతుంది?

అలనాటి అలలు (బెంగళూరు)

సరైన మాటే. 1927లో పెళ్ళయింది, రేడియోలో మాత్రం నోటి దురుసున్న స్నేహితురాలు. కానీ వినేవాళ్ళకి అది కుటుంబమే. ఇంట్లో రోచెస్టర్, వచ్చిపోయే మేరీ, పాటల కుర్రాడు డెన్నిస్ డే, అనౌన్సర్ డాన్ విల్సన్, మూలుగుతూ పాఠం చెప్పే లెబ్లాంక్. ఆ లెబ్లాంక్‌కి గొంతిచ్చింది మెల్ బ్లాంక్. బెన్నీ డొక్కు మాక్స్‌వెల్ కారు దగ్గుతూ బయల్దేరే చప్పుడు కూడా ఆయన నోటితో చేసిందే. వారం వారం అవే గొంతులు అవే మాటలకి కోప్పడుతుంటే, అది ఇల్లు కాక మరేమిటి?

కోట వీధి (విజయనగరం)

ఆలస్యంగా చూశాను. ఒక్క ముక్క చెప్పి పోతాను. జాక్ బెన్నీ పుట్టడానికి మూడు నెలల ముందు, 1893 నవంబరు 8న, దీపావళి నాడు బెంగళూరులో మా ఫిడేలు విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు గారు పుట్టారు. 1919లో మా ఊరి మహారాజా సంగీత కళాశాలలో ఫిడేలు ఆచార్యులుగా చేరారు, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. 1936లోనే అమెరికాలో ఆ ఫిడేలు గొడవ మొదలైంది కదా, చదువుతుంటే ఒళ్ళు పులకరించింది. ఒకే వాయిద్యం, ఒకే ఈడు మనుషులు. ఒకాయన కచేరీలో పక్కవాద్యాన్ని ముందుకు తెచ్చి కూర్చోబెట్టాడు. ఇంకొకాయన అదే వాయిద్యంతో ఊరందరినీ నవ్వించాడు.

నవ్వించినాయన ఫిడేలుకి ద్రోహమేమీ చెయ్యలేదు. 1956 నుంచి ఊరూరా సింఫనీ వాద్యబృందాల కోసం విరాళాల కచేరీలు చేశాడు, ముందు వరసలో నిలబడి తనే వాయించేవాడు. ఆయన దగ్గరున్న 1729 నాటి, ఎంతో విలువైన స్ట్రాడివేరియస్ ఫిడేలు, ఆయన వీలునామా ప్రకారం లాస్ ఏంజెలెస్ ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందానికి చేరింది. ప్రేమ లేనివాడి దగ్గర అలాంటి వాయిద్యం ఉండదు. నాటికలో నాన్నగారు ఫిడేలుని ఎలా తుడుస్తారో ఒక్కసారి వినిపించండి చాలు.

గోదావరి గట్టు (డాలస్)

మీ అందరి మాటా విని రాత్రి నాన్నకి ఫోన్ చేసి చెప్పేశాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అయ్యాక నాకు వినిపించు" అన్నారు. ఆ ధైర్యంతో ఒక సీను రాశాను. చూడండి.

(వంటిల్లు. కత్తిపీట చప్పుడు. ముందు గదిలో శ్రుతిపెట్టె. ఫిడేలు: స స రి రి గ గ... గాంధారం తక్కువ. కత్తిపీట ఆగుతుంది. మళ్ళీ మొదలు. మళ్ళీ తక్కువ.)

అమ్మ: ఏవండీ!

నాన్న: విన్నాను, విన్నాను. గాంధారం.

అమ్మ: నేను కొత్తిమీర లేదంటున్నాను.

నాన్న: గాంధారం లేదన్నావనుకున్నాను.

అమ్మ: అదీ లేదు.

(కుక్కర్ విజిల్. ఫిడేలు ఆగిపోతుంది. చెప్పుల్లేని అడుగులు వంటింట్లోకి పరుగు.)

నాన్న: అదే! అదే గాంధారం! కట్టెయ్యకు!

అమ్మ: మూడు విజిల్స్ వచ్చాయండీ, పప్పు ఉడికిపోయింది.

నాన్న: ఇంకొక్కటి రానీ. వేలు పెట్టుకుని రెడీగా ఉంటాను.

(విజిల్. ఫిడేలు దాని వెంట. దొరకలేదు.)

నాన్న: ఇంకొక్కటి.

అమ్మ: ఇవాళ పప్పు కాదు, పప్పుచారే.

పాత రేడియో (విజయవాడ)

శెభాష్! "అదీ లేదు" దగ్గర అమ్మ గొంతు ఏమాత్రం పెంచకండి. కొత్తిమీర గురించి చెప్పిన గొంతుతోనే చెప్పాలి.

ఫిడేలు టీచరమ్మ (తెనాలి)

చాలా బావుంది బాబూ. ఒక్క సంగతి. కుక్కర్ విజిల్ ఒక చోట నిలబడదు, కింద మొదలై పైకి పాకుతుంది. దాన్ని నిజంగా రికార్డు చేసి వాడండి. నాన్నగారి వేలు కూడా దాంతోపాటు పైకి పాకాలి. వాయించేవాళ్ళకి ఇది ముందే చెప్పండి, ప్రాక్టీసు కావాలి.

మూడో అంతస్తు (హైదరాబాద్)

నేనూ నవ్వాను. ఆ పెద్దాయన్ని చూసి కాదు, పప్పు చూసి. అమ్మ ఆ నాలుగో విజిల్ రానిచ్చింది చూశారా, అది నాకు చాలు. మా తమ్ముడికి పంపిద్దామనుకుంటున్నాను. రికార్డయ్యాక లింకు పెట్టండి.

గోదావరి గట్టు (డాలస్)

రిహార్సల్ రికార్డు చేసి నిన్న నాన్నకి పంపాను. రెండుసార్లు విన్నారట. అమ్మ పప్పు దగ్గర నవ్విందట. పొద్దున్న ఆయనే ఫోన్ చేశారు.

"నాటిక బావుంది గానీ ఒక తప్పుంది. ఎక్కేటప్పుడే నాకు గాంధారం అందదు. దిగేటప్పుడు మధ్యమం పక్కనే కదా, సరిగ్గా పడుతుంది. నువ్వు ఎక్కేది ఒక్కటే వినిపించావు. దిగేది కూడా పెట్టు" అన్నారు.

ఫోన్ స్పీకర్‌లో పెట్టమని, కమాను తీసి వాయించి చూపించారు. మ మ గ గ రి రి స స. నిజమే, సరిగ్గా పడింది. ఆదివారం ఆ ముక్క కలిపి మళ్ళీ రికార్డు చేస్తున్నాం.